కడవెండి నుంచి కాకతీయ ఖని దాకా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలు, తండాలు, గని కాలనీల నుంచి వచ్చి నేడు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులకు మార్క్స్, డర్క్‌హైమ్, వేబర్ పరీక్షల కోసం చదివిన పేర్లుగా మిగిలిపోకూడదు. ఐరోపాలో పెట్టుబడి పాత ఊళ్లను, పాత కట్టుబాట్లను పెకలిస్తున్న కాలంలో ఆ ముగ్గురూ వేసిన ప్రశ్నలు ఈ నేలమీద నేటికీ జవాబు కోరుతున్నాయి.

శ్రమ ఒకరిదైతే ఫలం మరొకరిది ఎందుకవుతుందన్నది మార్క్స్ ప్రశ్న. భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలో వెట్టి, అంటే కూలి లేని నిర్బంధ చాకిరీ, సాగినన్నాళ్లూ దోపిడీ కంటికి కనిపించేది. అందుకే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం ఎదురు నిలిచింది, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చాడు. వేతనశ్రమలో మాత్రం ఆ దోపిడీ బేరం చాటున దాగుతుందని, కార్మికుడు తన వేతనానికి మించి సృష్టించే అదనపు విలువ యజమాని వశమవుతుందని 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వివరించింది. భూపాలపల్లిలోని కాకతీయ ఖని వంటి బొగ్గు గనులున్న సింగరేణిలో 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు నేడు అందులో సగం కూడా లేరు; కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. గని ప్రభుత్వానిదే అయినా, పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ నడుమ పెరిగిన దూరాన్ని చదవడానికి అదనపు విలువ భావన అక్కరకొస్తుంది.

మనిషి ఆశలకు మేర చెప్పే కట్టుబాట్లు సడలిన స్థితిని డర్క్‌హైమ్ ప్రమాణరాహిత్యం అన్నాడు. నష్టకాలంలోనే గాక, సంపద హఠాత్తుగా పెరిగినప్పుడు కూడా ఆత్మహత్యలు పెరుగుతాయని 1897లో వెలువడిన తన గ్రంథంలో చూపాడు. మంచి ధర పలికిన ఏడాది ధైర్యంతో మరికొంత భూమి కౌలుకు తీసుకొని, 2021-22లో తామర పురుగు పాలైన మిర్చి చేను ముందు నిలిచిన మహబూబాబాద్ రైతు దుఃఖాన్ని అతని తలరాతగా తేల్చేయరాదని ఆ గ్రంథం బోధిస్తుంది.

వ్యక్తుల దయతో నిమిత్తం లేకుండా, రాతపూర్వక నిబంధనల ప్రకారం నడిచే యంత్రాంగాన్ని వేబర్ ఆధునికతకు ఆయువుపట్టుగా గుర్తించాడు. దొర ఇష్టానిష్టాల స్థానంలో నిబంధన రావడం గొప్ప ముందడుగే. అయితే 2018లో మొదలైన రైతుబంధు పథకం పట్టాదారు పాసుపుస్తకాన్ని బట్టి సొమ్ము చెల్లించినందున, అదే చేను దున్నిన కౌలు రైతు ఆ లెక్కలోకి రాలేదు.

ఈ పట్టభద్రులలో కొందరు రేపు అదే యంత్రాంగంలో కూర్చుంటారు. తన పేర పాసుపుస్తకం లేక నిలిచిన సాగుదారుడి వెనుక ఉన్న సమాజాన్ని చూడగలిగి, నిబంధనను మార్చే మాట ధైర్యంగా రాయగలిగినప్పుడే నేటి పట్టాకు విలువ.