పట్టణమునకు కొలబద్ద



కాలువ తలవద్ద నీరు నిండుగా నున్నంతమాత్రమున పారుదల బాగున్నదని డెల్టా రైతు ఒప్పుకొనడు. శివారు చేను తడిసినదా యని యడుగును. పట్టణాభివృద్ధిని కొలుచుటకును ఇదియే తగిన పద్ధతి యని మనవి చేయదలచితిని.

2015వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి, 2030 నాటికి సాధింపవలసిన 17 లక్ష్యములను నిర్ణయించినది. వానిలో పదునొకండవది పట్టణములను గూర్చినది. మన దేశమున నీతి ఆయోగ్ 2021లో 56 పట్టణములకు ఈ లక్ష్యములనుబట్టి మార్కులు వేసినది. నీరు, విద్య, ఆరోగ్యము మొదలగువానికి వేర్వేరు పద్దులు. తుదకు అన్నిటికిని సగటు. ఈ లెక్క అవసరమే. కాని ఒక పద్దులోని లాభము వేరొక పద్దులో నష్టమైనచో, సగటు దానిని కప్పిపుచ్చును.

బెజవాడనే చూడుడు. బుడమేటి పల్లపునేలలలో ఇండ్లు పెరిగినవి. గృహముల పద్దులో నది లాభము. కాని ఏటికి దారి ఇరుకైనది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు గట్లు తెగి, సింగునగరము మొదలగు పేటలు దినములకొలది నీట నుండెను. బుడమేటి నీటిని కృష్ణకు మళ్లించు కాలువ యున్నది. కాని యప్పుడే ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారుచుండెను. నిండిన నది మరియొక నీటి నెట్లు చేర్చుకొనగలదు?

ఇక కాలువల మాట. 1855లో పూర్తియైన ఆనకట్టనాటినుండి, దాని స్థానమున 1957లో బ్యారేజి వెలసిన పిమ్మటను, ఏలూరు, బందరు, రైవసు కాలువలు ఈ నగరము మీదుగనే పల్లెలకు పోవుచున్నవి. ఆ నీరే మీ చేలకు, మీ మంచినీటి చెరువులకు ఆధారము. ఒకనాడు నేను నగరమున నొక కాలువగట్టున నిలిచి, మురుగును చెత్తయు కొట్టుకొనిపోవుట చూచితిని. ప్రక్కవీథి మాత్రము చక్కగా ఊడ్చియుండెను. వీథి శుభ్రత నగరపు పద్దులో చేరును. దాని ఖర్చు మీ చెరువులో పడును.

కావున కాలువ నగరమున ప్రవేశించుచోట నొకమారు, విడుచుచోట నొకమారు నీటిని పరీక్షించి, ఆ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాయవలెను. క్రొత్తపేట వేయుటకు ముందు, ఆ నేలపై నిలిచెడి వాననీరు ఎటు పోవునో తెలుపవలెను. ఈ రెండు ప్రశ్నలను మీరు గ్రామసభలలో అడుగుడు. శివారువాడు అడుగనిదే తలవద్దివాడు లెక్క చెప్పడు గదా! సెలవు.