బిగిసిన స్టీరింగు – తొందరపడిన తీర్పు

(గత ఆదివారము మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు ఎద్దును కొనునపుడు పళ్ళు చూచి, నాలుగడుగులు నడిపించి గాని బయానా ఇచ్చెడివారు కారు. నేడు మన యువకులు పాత స్పోర్ట్స్ కారును రంగు చూచి, ఇంజను ధ్వని విని కొనుచున్నారు. ఈ విషయమున మేము చేసిన పొరపాటును మీ ముందుంచుట ధర్మమని తోచినది.

మన యువకుడొకడు మన సంఘములోని మరియొక కుటుంబము వారి వద్ద రెండు సీట్ల విదేశీ కారు కొనెను. రెండు నెలలకే స్టీరింగు బిగిసినది. ఒక సాయంకాలము హోప్ ఫార్మ్ కూడలిలో మలుపు తిరుగక, కారు ఒక పాలబండికి జానెడు దూరములో నిలిచినది. దైవకృపచే ఎవరికిని గాయము కాలేదు. వర్క్‌షాపువారు ర్యాకు మొత్తము మార్చవలెనని, లక్షలలో వ్యయము చెప్పిరి. వివాదము మా వద్దకు వచ్చినది. తూనిక వేయక సరుకు ధర చెప్పని వర్తకులమైన మేము, కారును చూడకయే అమ్మినవారిని తప్పుపట్టి, సొమ్ము తిరిగి ఇమ్మంటిమి. ఆ కుటుంబము మూడు వారములు సమావేశములకు రాలేదు.

అటుపై ఒక వృద్ధ మెకానిక్కు మా కన్నులు తెరిపించెను. ఆయన పరీక్షించిన క్రమము వినుడు.

నూనెతో పనిచేయు పవర్ స్టీరింగులో ఇంజను త్రిప్పు పంపు, నూనెను ఒత్తిడితో పంపి మన చేతికి సాయపడును. బరువుగా తోచినంతనే ర్యాకు చెడినదనరాదు. మొదట టైర్లలో గాలి చూడవలెను. వెడల్పు టైర్లలో గాలి తగ్గినచో స్టీరింగు బరువగును. పిదప నూనె మట్టము చూడవలెను. మట్టము తగ్గినచో ఎచ్చటనో కారుచున్నదని, నురుగు కనిపించినచో గాలి చేరినదని అర్థము. త్రిప్పునపుడు కీచుమనినచో బెల్టు జారుచుండవచ్చును. ఇంజను వేగము పెంచగా స్టీరింగు తేలికైనచో పంపునో బెల్టునో శంకింపవలెను.

ఇవన్నియు సరిగా నున్నచో, ముందు చక్రములను జాకీతో లేపి, క్రింద స్టాండ్లు పెట్టి, ఇంజను ఆపి స్టీరింగు త్రిప్పవలెను. తేలికగా తిరిగినచో లోపము నూనె, పంపుల వైపు. అప్పుడును బిగిసినచో కడ్డీలు, కీళ్ళ వైపు. ఈ కారు స్టీరింగు అప్పుడును ప్రతి చుట్టునకు రెండుమారులు బిగిసినది. అది యూనివర్సల్ జాయింటు లక్షణము. కడ్డీని విడదీయగా ర్యాకు చక్కగా తిరిగెను. కడ్డీ జాయింటు త్రుప్పు పట్టియుండెను. కారు రెండు వానకాలములు ఆరుబయట నిలిచిన ఫలితమది! మరమ్మతుకు ర్యాకు వెలలో పదవ వంతైనను కాలేదు.

నేటి అనేక కార్లలో నూనెకు బదులు విద్యుత్ మోటారు గలదు. వాటికి టైర్ల తరువాత బ్యాటరీ, ఫ్యూజు, హెచ్చరిక దీపము చూడవలెను.

మేము అమ్మినవారి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరితిమి. కారు ఆరుబయట నిలిచిన సంగతి చెప్పకుండుట తమ తప్పేయని వారు మరమ్మతులో సగము భరించిరి. మరుసటి ఆదివారము ఇరు కుటుంబములును ఒకే బంతిలో భోజనము చేసినవి.

కావున కొనువారు పరీక్షించి కొనుడు. అమ్మువారు ఉన్నది చెప్పి అమ్ముడు. స్టీరింగు బిగిసిన కారును బాగుచేయించు వరకు రోడ్డెక్కింపకుడు. ఇక మా వంటి పెద్దలు, చక్రము లేపి చూడక తీర్పు చెప్పరాదు.