ముందు చెప్పవలసినది ముందు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పత్రికకు వార్తలు రాసేవారికీ, కొత్తగా పెట్టబోయే ‘మనవల పేజీ’కి బొమ్మల కథలు రాయదలచినవారికీ నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పత్రికా రచయితను కాను. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నా వల్ల ఒక తప్పు జరిగింది.

కొన్నేళ్ల క్రితం సర్వసభ్య సమావేశ నివేదిక నేనే రాశాను. ప్రార్థన ఎవరు పాడారు, జ్యోతి ఎవరు వెలిగించారు, ముఖ్య అతిథికి శాలువా ఎవరు కప్పారు అన్నీ వరుసగా రాశాను. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన గడువు తేదీని రెండో పేజీ చివరి వాక్యంలో పెట్టాను. కీర్తిశేషులైన మన సభ్యుడొకరి భార్య ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్నారు. ఆవిడకు చూపు తక్కువ. మొదటి పేజీ వరకు ఎవరిచేతనో చదివించుకున్నారు. గడువు దాటింది, పెన్షన్ ఆగింది. సర్టిఫికెట్ ఇచ్చాక బకాయితో సహా వచ్చింది గాని, ఆ రెండు నెలలూ మందులకు అప్పు చేశారు. నేను వెళ్లి క్షమించమంటే, “పోనీలెండి అన్నయ్యగారూ, మీరు రాశారుగా, మేమే చూసుకోలేదు” అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాతే వార్త ఎలా రాస్తారో తెలుసుకోవాలనిపించింది. మన తెలుగు పత్రికలది పెద్ద చరిత్ర. బందరులో 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు. హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. 1938లో ఆంధ్రప్రభ వచ్చింది. ఆ పత్రికకు సంపాదకులైన నార్ల వెంకటేశ్వరరావుగారు పత్రికల భాషను సామాన్యుడి వాడుకకు దగ్గర చేశారు. అదే అసలు సంగతి. పత్రిక చదివేవాడి కోసం.

వార్తలో మొదటి పేరాను ‘లీడ్’ అంటారు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నల్లో ముఖ్యమైనవాటికి అక్కడే జవాబు దొరకాలి. ఊరి పేరు, తేదీ ఉండేది ‘డేట్‌లైన్’. రాసినవారి పేరు ‘బైలైన్’. పేజీ అడ్డంగా పరచుకున్న పెద్ద శీర్షిక ‘పతాక శీర్షిక’. ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద వచ్చేలా రాయడాన్ని ‘తలకిందుల పిరమిడ్’ అంటారు. దీనిలో ఒక సౌకర్యం ఉంది. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో స్థలం చాలకపోతే చివరి పేరాలు తీసేసేవారు. అయినా వార్త చెడేది కాదు.

మన ఆఫీసు నోటు దీనికి సరిగ్గా ఎదురు. విషయం, సూచిక, పూర్వాపరాలు, నిబంధనలు అన్నీ అయ్యాక చివరన “పై పరిస్థితుల దృష్ట్యా” అని అసలు మాట వస్తుంది. ఆఫీసరుగారు చివరిదాకా చదవక తప్పదు కనుక అక్కడ చెల్లింది. పెన్షనరుకు ఆ నిర్బంధం లేదు. నేను చేసిన తప్పు అదే. వార్త అనుకుని నోటు రాశాను.

ఇక పిల్లల బొమ్మల పుస్తకం. కొమీనియస్ అనే విద్యావేత్త 1658లోనే బొమ్మలతో పాఠం చెప్పే పుస్తకం అచ్చువేయించారు. మన ఇళ్లకు 1947 జూలైలో చందమామ వచ్చింది. బొమ్మల పుస్తకం తరచు ముప్పై రెండు పేజీలుంటుంది. పెద్ద కాగితానికి రెండువైపులా అచ్చువేసి మడిస్తే పదహారు పేజీలవుతాయి. అలాంటివి రెండన్నమాట. ఇక్కడ అసలు సంగతి ముందే చెప్పకూడదు. పేజీ తిప్పితే కనబడేలా దాచాలి. బొమ్మ చెప్పినదాన్ని మాట మళ్లీ చెప్పకూడదు. పైకి చదివితే వినసొంపుగా ఉండాలి.

ఈ మధ్య నేనొక కథ రాస్తే మా కోడలు బొమ్మలు వేసింది. “ఒక నల్ల కుక్కపిల్ల గొడుగు కింద కూర్చుంది” అని చదివాను. ఆరేళ్ల మా మనవరాలు, “తాతయ్యా, అది కనబడుతోందిగా! ఎవరి గొడుగో చెప్పు” అంది. ఆ వాక్యం కొట్టేసి, “ఈ గొడుగు ఎవరిది?” అని రాశాను. పాప వెంటనే పేజీ తిప్పింది.

వార్తకు ఒక వరుస, పిల్లల కథకు ఇంకో వరుస. రెండింటికీ మూలం ఒక్కటే. చదివే మనిషిని కళ్లముందు ఉంచుకోవాలి.

చివరగా ఒక మనవి. ఇకనుంచి గడువు తేదీ ఏదైనా మన పత్రికలో మొదటి పేజీలో, మొదటి పేరాలో, పెద్ద అక్షరాల్లో వేయాలని తీర్మానించమని కోరుతున్నాను. శాలువాల సంగతి తర్వాత రాసుకోవచ్చు. స్థలం చాలకపోతే తీసేసినా ఎవరి మందులూ ఆగవు.