నాలుగు పావుల కేకు

ఈరోజు ఫ్రాన్స్ దేశంలో ఇళ్లలో చేసుకునే ఒక వెన్న కేకు గురించి మాట్లాడుకుందాం. దాని పేరు కత్ర్-కార్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు 'నాలుగు పావులు' అని అర్థం. గుడ్లు, వెన్న, పంచదార, పిండి - నాలుగూ సమానమైన బరువులో పడతాయి. ఒక్కొక్కటీ మొత్తంలో పావు వంతు. అంటే కొలతలన్నీ పేరులోనే ఉన్నాయన్నమాట. ఇంగ్లండులో ఒక్కొక్కటి ఒక్కో పౌను చొప్పున వేసి పౌండ్ కేక్ అన్నారు. 1747లో హానా గ్లాస్ ప్రచురించిన వంటల పుస్తకంలో అది కనిపిస్తుంది.

ఫ్రాన్స్‌కు పడమటి కొసన, అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉన్న బ్రిటనీ ప్రాంతంలో ఈ కేకుకు ప్రత్యేకమైన పేరుంది. అక్కడ కేకులో కూడా ఉప్పు వెన్నే వేస్తారు. తీపి వంటకంలో ఉప్పు వెన్న ఏమిటని మీకు అనిపించవచ్చు. దాని వెనక ఒక పన్ను కథ ఉంది. పూర్వం ఫ్రెంచి రాజులు ఉప్పు మీద గాబెల్ అనే పన్ను వసూలు చేసేవారు. అది చాలా ప్రాంతాల్లో సామాన్యుడికి మోయలేని భారం. ఉప్పు పన్ను అంటే ఏమిటో 1930లో దండి దాకా నడిచిన దేశానికి వేరే చెప్పనక్కర్లేదు. 1532లో ఫ్రాన్స్‌లో కలిసిన బ్రిటనీకి మాత్రం ఆ పన్ను నుంచి మినహాయింపు ఉండేది. గెరాండ్ ఉప్పు మడులు కూడా చేరువలోనే ఉన్నాయి. అందుకే వెన్న నిలవ ఉండడానికి అక్కడివారు ధారాళంగా ఉప్పు కలిపారు. ఆ రుచే అలవాటైపోయింది. మన దుకాణాల్లో దొరికే పసుపుపచ్చని టేబుల్ బటర్ కూడా ఉప్పు వేసినదే కాబట్టి ఈ కేకుకు నిక్షేపంలా పనికొస్తుంది. అందులో కనీసం 80 శాతం కొవ్వు ఉంటుంది. ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఎక్కువ. దాన్ని వాడితే మజ్జిగ పోయేలా కడిగి, గట్టిగా పిండి వాడండి.

ఇక కొలత సంగతి. ముందు గుడ్లను పెంకులతోనే తూచండి. నాలుగు గుడ్లు 220 గ్రాములు తూగితే వెన్న 220, పంచదార 220, మైదా 220 గ్రాములు తీసుకోండి. గుడ్లు చిన్నవైతే మిగతావీ తగ్గుతాయి. మనకు గ్లాసుతో కొలిచే అలవాటు ఉంది. ఇక్కడ అది పనికిరాదు. ఒకే కప్పుతో కొలిస్తే మైదా సుమారు 125 గ్రాములు, పంచదార 200 గ్రాములు తూగుతాయి. నేను మొదటిసారి గ్లాసుకు గ్లాసు వేసి చేశాను. అంచులు మాడాయి, నడుమ గుంటపడింది. తప్పు పొయ్యిదని చాలాకాలం అనుకున్నాను.

బేకింగ్ పౌడర్ 1840లలో గాని రాలేదు. అంతకుముందు ఈ కేకును పొంగించినది గాలే. మెత్తబడిన వెన్నలో పంచదార వేసి గిలకొడుతుంటే, పంచదార పలుకుల అంచులతో పాటు గాలి వెన్నలోకి చేరి సన్నని బుడగలుగా నిలుస్తుంది. ఇందుకు వెన్న 18 నుంచి 20 డిగ్రీల వేడిలో ఉండాలి. వేలితో నొక్కితే గుంటపడాలి, కాని నూనెలా మెరవకూడదు. కరిగిన వెన్న గాలిని పట్టుకోలేదు. మన ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన పది, పదిహేను నిమిషాలకే పని మొదలుపెట్టాలి. చేత్తో అయితే పది నిమిషాలు, రంగు తేలి లేత తెలుపు వచ్చేదాకా గిలకొట్టండి. చెయ్యి నొప్పి పుడుతుంది, నిజమే. అయినా ఈ పది నిమిషాలకు బదులు మరొకటి లేదు. అర చెంచా బేకింగ్ పౌడర్ వేసుకోవచ్చుగాని, అది కొత్త బుడగలను పుట్టించదు. ఉన్నవాటినే పెద్దవి చేస్తుంది.

తర్వాత గుడ్లు ఒక్కొక్కటిగా కలపండి. చల్లటి గుడ్లు వేస్తే మిశ్రమం విరిగినట్టవుతుంది. అలా అయితే ఒక చెంచా మైదా చల్లండి, సర్దుకుంటుంది. చివర జల్లించిన మైదా వేసి, గరిటెతో అడుగు నుంచి పైకి తెస్తూ మెల్లగా కలపాలి. పొడి పిండి కనిపించకపోగానే ఆపేయండి. ఎక్కువ కలిపితే మైదాలోని గ్లూటెన్ సాగి కేకు బిరుసెక్కుతుంది.

వెన్న రాసి మైదా చల్లిన టిన్నులో పోసి, ముందే 180 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 45 నుంచి 50 నిమిషాలు ఉంచండి. మొదటి అరగంట తలుపు తెరవకండి. లోపల గుడ్డు, పిండి ఇంకా గట్టిపడి ఉండవు, చల్లగాలి తగిలితే కేకు కుంగిపోతుంది. ఓవెన్ లేనివారు పాత, మందమైన కుక్కర్‌లో ఇసుక పరిచి, పైన స్టాండు పెట్టి, సన్నని సెగ మీద చేసుకోవచ్చు. కుక్కర్ రబ్బరు, విజిల్ రెండూ తప్పకుండా తీసేయాలి. నీళ్లు పోయకూడదు. ఇలా చేస్తే సుమారు గంట పడుతుంది, పైభాగం అంతగా ఎర్రబడదు.

నడుమ పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. దించిన పది నిమిషాలకు టిన్నులోంచి తీసి, పూర్తిగా చల్లారాక బట్టలో చుట్టి ఉంచండి. వేడిమీద కోస్తే పొడిపొడిగా రాలుతుంది. మర్నాటికి ముక్క చక్కగా తెగుతుంది, వెన్న వాసన కూడా బాగా తెలుస్తుంది.