రాయి తొలగించువారు, కట్లు విప్పువారు

(బెలుం గుహల ప్రాంతపు నాపరాతి కార్మికుల త్రాగుడును, మనోవ్యథను గూర్చి చేసిన ప్రసంగము)



కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలను మీలో అనేకులు చూచియున్నారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటిని గుర్తించెను. 1982, 83 సంవత్సరములలో జర్మన్ పరిశోధకులు లోపలికి దిగి కొలిచిరి. పొడవు 3,229 మీటర్లు. 2002లో సందర్శకులకు తెరచినది సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే. ఆ గుహలు ఏర్పడినది సున్నపురాతిలో. చుట్టుపట్ల మనవారు పగులగొట్టి బ్రతుకుచున్న నాపరాయియు సున్నపురాయియే.

ఆ రాయిని గనులలో తీయువారిని, బండలను లారీలకెత్తు హమాలీలను గూర్చి నేడు మాటలాడవలెనని నా ఆశ. విశాఖపట్నం హార్బరులో ఓడల సరుకు దింపు కలాసీల కష్టమువంటిదే వీరి కష్టము. ఒళ్లు విరిచినంత కూలి. పని లేనినాడు పస్తు. సాయంకాలము నడుము నొప్పి మరచుటకు ఒక సీసా. మొదట నొప్పికి, పిదప నిద్రకు, తుదకు అది లేనిదే ఉదయమున చేతి వణకు ఆగదు. అప్పు, సిగ్గు, దిగులు లోపల పేరుకొనును. మనము సీసాను చూచి గద్దించుచున్నాము గాని ఆ దిగులును చూచుట లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ తల్లుల పోరాటము గొప్పది. అయితే దుకాణము మూసినను, శరీరమునకు అలవడిన వ్యాధి దానంతట అది పోదు.

నా తప్పు ఒకటి ఒప్పుకొందును. మా బంధువొకనిచేత బైబిలుమీద చేయి వేయించి, ఇక ముట్టనని ప్రమాణము చేయించితిని. మూడవ రాత్రి అతడు వణకుచు, చెమటలు పోయుచు, ఒంటిమీద లేని పురుగులను దులుపుకొనెను. దయ్యమనుకొని తెల్లవార్లు ప్రార్థించితిమి. ఉదయమున ఆసుపత్రికి తీసికొనిపోతిమి. ఇంకను ఆలస్యమైన ప్రాణము పోయెడిదని డాక్టరు చెప్పెను. ఏండ్ల తరబడి విడువక త్రాగినవాడు హఠాత్తుగా మానిన యెడల రెండు, మూడు దినములలో మూర్ఛలు, మతిభ్రమణము రావచ్చును. కావున డాక్టరు సలహాతో, మందులతో, బి1 విటమినుతో మాన్పింపవలెను. ప్రార్థన మానవద్దు, వైద్యమును ఆలస్యము చేయవద్దు.

లాజరు సమాధియు ఒక గుహయే. ప్రాణమిచ్చి పిలిచినది ప్రభువు. అయితే రాయి తొలగించు పని, కట్లు విప్పు పని చుట్టునున్న వారికే అప్పగించెను. రాయి అనగా మన నింద. త్రాగుబోతని పేరు పెట్టి గుడి వెనుక బల్లకు త్రోసిన సంఘము ఆ రాయిని తానే పెట్టుచున్నది. కట్లు విప్పుట ఒక దినముతో తీరునది కాదు. మానినవాడు మరల జారవచ్చును. జారినప్పుడు మరల చేయి ఇయ్యవలెను.

మనము చేయగలవి చెప్పెదను. అట్టివానిని సంఘ పెద్ద ఒకడు ఆసుపత్రికి తోడుగా తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్, 14416 నంబరునకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు. చచ్చిపోదునని ఎవరైన అనిన యెడల బెదిరింపని తీసివేయక, ఒంటరిగా విడువక, వెంటనే సహాయము పిలువుడి. 1935లో అమెరికాలో ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు తోడై ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటములవలె, మన గుడి గదిని వారమునకొక సాయంకాలము వారికొరకు తెరువవచ్చును. వారి భార్యల కన్నీటిని వినుటకు స్త్రీల మైత్రి కూర్చుండవచ్చును.

ఈ నూరేండ్ల పండుగలో గుడికి సున్నము వేసితిమి, దీపములు కట్టితిమి. వచ్చు ఆదివారము వెనుక బల్లమీద కూర్చున్న సహోదరుని ప్రక్కకు పోయి కూర్చుండుడి. అందుకు కావలసిన ప్రేమను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.