కిరమంజి ఎరుపు, దాని పొద



మన పాపారపట్టి చుట్టుపక్కల మొలవని ఒక పొద గురించి చెప్పదలిచాం. అయినా దాని పేరు మన భాషలో ఉంది. ముదురు ఎరుపును కిరమంజి అంటాం కదా, ఆ మాట క్రిమికి చుట్టమే. పారసీలో కిర్మ్ అన్నా పురుగే.

మధ్యధరా సముద్రతీరాల రాతినేలల్లో పెరిగే ఓక్ పొద అది. దాని కొమ్మలకు బఠాణీగింజంత పురుగు అతుక్కుని కదలకుండా ఉంటుంది. గ్రీకులు దాన్ని గింజ అనుకున్నారు. 1753లో లిన్నేయస్ క్వెర్కస్ కోక్సిఫెరా అని పేరు పెట్టాడు, అందులోనూ ఆ గింజ మాటే నిలిచిపోయింది.

పొదను గుర్తు పట్టేదెలా? ఏడాది పొడుగునా పచ్చగా, అంచున ముళ్ళతో ఉంటే చాలదు. దాని బంధువు ఐలెక్స్ ఓక్ లేత ఆకులకూ ముళ్ళుంటాయి. ఆకు తిప్పి చూడాలి. ఐలెక్స్‌కు అడుగున బూడిదరంగు నూగు, దీనికి రెండు వైపులా నున్నటి పచ్చదనం. ఐలెక్స్ కాయ ఆ ఏడే పండుతుంది. దీని కాయకు రెండేళ్ళు పడుతుంది, కింది గిన్నె పొలుసులు గుచ్చుకుంటాయి. తూర్పున చెట్టంత ఎదిగేదాన్ని కొందరు శాస్త్రజ్ఞులు వేరే జాతి అంటారు, కొందరు ఒప్పుకోరు. 2017లో వచ్చిన వర్గీకరణ మాత్రం దీన్నీ ఐలెక్స్‌నూ ఒకే విభాగంలో ఉంచింది.

బాలింతలకు మందుగా మనం కొనే మాచికాయ (తమిళంలో మాసిక్కాయ్) కూడా ఇంకో ఓక్‌దే. అదీ కాయ కాదు, కందిరీగలాంటి పురుగు గుడ్డు పెడితే కొమ్మ మీద లేచిన బుడిపె. చిల్లు పడనిదే మేలు, వగరు అందులో ఎక్కువ. అద్దకానికీ వాడతారు.

16వ శతాబ్దంలో మెక్సికో నుంచి నాగజెముడు మీద పెరిగే కోచినీల్ పురుగు వచ్చాక ఓక్ పురుగు వెనకబడింది. కిరమంజి పేరు కొత్తదానికి అంటుకుంది. అందుకే "అసలైన కిరమంజి" అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే, ఏ చెట్టు మీది ఏ పురుగో అడగండి. నూలు వాళ్ళు ఇంకో మాట కూడా అడగాలి. రెండు పురుగుల రంగూ పటికతో పట్టుకు, ఉన్నికి బాగా ఎక్కుతుంది, నూలుకు అంతగా పట్టదు. నూలుకైతే మన చిరివేరే నయం.