దుబాయిలో పద్నాలుగు గంటలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



అధ్యక్షులవారు నన్ను బడి జ్ఞాపకాల మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉన్నాయి. కానీ మొన్న వస్తూ వస్తూ దుబాయిలో పద్నాలుగు గంటలు ఆగాను. ఆ సంగతే చెబుతాను. బడి కూడా అందులోనే ఉంది.

అమెరికా నుంచి దుబాయి మీదుగా రావడం నాకు కొత్త కాదు. పదిహేనేళ్లుగా ఇదే దారి. ప్రతిసారీ విమానాశ్రయంలోనే రెండు మూడు గంటలు తిరిగి, చాక్లెట్లు కొనుక్కుని, హైదరాబాద్ విమానం ఎక్కేవాణ్ణి. ఆ ఊళ్లో మా క్లాసువాడు ఒకడున్నాడని తెలుసు. నంబరు కూడా ఉంది. ఒక్కసారీ ఫోన్ చేయలేదు. టైం లేదని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఈసారి టికెట్టే అలా దొరికింది. పొద్దున దిగితే మళ్ళీ రాత్రికే విమానం. ఇక చెప్పుకోవడానికి సాకు లేదు. వాడి పేరు చెప్పను, చెప్పొద్దన్నాడు. బోరింగు కొట్టి క్లాసంతటికీ నీళ్ళు తాగించినవాడంటే మా బ్యాచ్‌కు తెలిసిపోతుంది.

"పన్నెండున్నరకు రా. మూడింటిదాకా ఖాళీ" అన్నాడు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం. వాడు పైపుల పని దగ్గర ఫోర్‌మన్. "ఈ రెండున్నర గంటలు సర్కారు నాకిచ్చింది, నేను నీకిస్త" అని నవ్వాడు.

విమానాశ్రయంలోనే మెట్రో ఎక్కి, యూనియన్ స్టేషన్‌లో మారి, అల్ రాస్‌లో దిగాను. అందాకా అంతా ఏసీయే. బయటికి అడుగు పెట్టానో లేదో కళ్ళద్దాలు మసకబారిపోయాయి. తుడిస్తే మళ్ళీ అంతే. మన మే నెల ఎండ చూసినవాణ్ణి, నాకేం లెక్క అనుకున్నాను. మన ఎండ పొడి ఎండ. అక్కడ పక్కనే సముద్రం, ఆగస్టు నెల. ఉడుకుతున్న ఇడ్లీ పాత్ర మూత తీసి మొహం పెట్టినట్టుంది. ఖాడీ ఒడ్డుకు నడిచేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

వాడు ఒడ్డున నిలబడి ఉన్నాడు. నేను పోల్చుకోలేదు. వాడే "అరేయ్, లావైనవ్ కదరా" అన్నాడు.

అబ్రా అనే చెక్కపడవలో అవతలి ఒడ్డుకు వెళ్ళాం. మనిషికి ఒక దిర్హం. నా డబ్బు తీసుకోనివ్వలేదు. అవతల పాత ఇళ్ల మీద చతురస్రపు గాలి గోపురాలున్నాయి. కరెంటు రాకముందు ఏ దిక్కు నుంచి గాలి వీచినా పట్టి కింది గదిలోకి దించేవట. ఇంజనీరునైన నేను ఫోటోలు తీస్తుంటే, వాడు "నీడకు రారా ముందు" అని చెయ్యి పట్టి లాగాడు.

చాయ్ హోటల్లో కూర్చున్నాం. వాడు 1994లో బొంబాయి మీదుగా వెళ్ళాడు. ఏజెంటుకు కట్టిన అప్పు, దాని మిత్తి తీరడానికే రెండేళ్లు పట్టిందట. మెట్రో కట్టేటప్పుడు టైల్స్ పని కూడా చేశాడు. ఏ స్టేషన్లో అని అడగాలని నాకు తోచలేదు, ఇప్పుడు తోస్తోంది. సోనాపూర్‌లో గది. ఎండాకాలం నల్లా తిప్పితే మిద్దె మీది ట్యాంకు నీళ్ళు సలసల వస్తాయట. అందుకని గీజరు స్విచ్చి ఆపేసి అందులోని నీళ్ళు పోసుకుంటారు. గీజరు ఏసీ గదిలోపల ఉంటుంది కాబట్టి అవే చల్లవి. ఈ ముక్క ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ నాకు చెప్పలేదు.

"సోషల్ సార్‌కు ఒక మాట చెప్పు. ఎడారిల పగలు మండుతది, రాత్రి వణుకుతది అని రాయించిండు. నేను అదే రాసిన, రెండు మార్కులచ్చినయ్. ఈడ రాత్రి పదింటికి కూడా చెమటలే" అన్నాడు. సార్, మీరు చెప్పింది తప్పు కాదు. లోపలి ఎడారిలో అంతే. సముద్రం ఒడ్డున గాలిలో తేమ వేడిని పోనివ్వదు. వాడికి అదే చెప్పాను. "అయితే ఆ రెండు మార్కులు ఉండనియ్యి" అన్నాడు.

అప్పుడు అడిగాను, ఈ సభకు ఎందుకు రావడం లేదని. సెలవు దొరకలేదంటాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, "పది ఫెయిలైనోడు పూర్వ విద్యార్థి అయితడారా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మన సంఘం సభ్యత్వ ఫారం నేనే కంప్యూటర్లో తయారుచేశాను. అందులో 'పదవ తరగతి ఉత్తీర్ణత సంవత్సరం' అని ఒక గడి ఉంది. అది నింపకపోతే ఫారం ముందుకు పోదు. వాడికి ఎవరో ఫోన్లో పంపారట. అక్కడిదాకా నింపి ఆపేశాడు. పదేళ్లు మనతో నేల మీద కూర్చున్నవాడు, లెక్కల్లో ఆరు మార్కులు తగ్గినందుకు ఆ గడి దగ్గర ఆగిపోయాడు. వాడొక్కడే కాదు. మా బ్యాచ్‌లో తప్పినవాళ్ళు పద్దెనిమిది మంది. నిన్న రాత్రి సంచికలో సభ్యుల జాబితా చూశాను. వాళ్ళలో ఒక్కరి పేరూ లేదు.

కార్యదర్శిగారూ, ఆ గడి నేను పెట్టింది, నేనే తీసేస్తాను. 'బడిలో చదివిన సంవత్సరాలు' అని పెడితే చాలు. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను, బలపరచమని మనవి.

మూడుకు పది నిమిషాలుందనగా వాడు లేచాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, ప్యాంటు జేబులోంచి టైగర్ బామ్ సీసా ఒకటి తీశాడు. "సోషల్ సార్ మోకాళ్ళ నొప్పులని విన్న. నేను పంపిన్నని చెప్పకు, నువ్వే తెచ్చినవని చెప్పు" అన్నాడు.

సార్, ఈ సీసా నేను తెచ్చింది కాదు.